స్వరలిపి చూసి పాడాలంటే చెవికి ఏం నేర్పాలి

ఆధార స్వరం మోగించే శ్రుతి పెట్టె పెట్టి (మగవారికి 1 శ్రుతి అంటే C, ఆడవారికి 5 అంటే G దగ్గర్లో) రెండు నిమిషాలు స, ప, పై స మాత్రమే నిలపండి. తర్వాత కర్ణాటక సంగీతంలో మొదట నేర్పే మాయామాళవగౌళ రాగంలో స–గ, స–ద గెంతులు. చాలామందికి రి–గ దగ్గరే తప్పుతుంది. ఈ రాగంలోని రి, అంటే శుద్ధ రిషభం నుంచి, దీని గ, అంటే అంతర గాంధారానికి మూడు మెట్లు (అర స్వరాలు). గొంతు రెండింటికే ఆగితే అది వేరే గ, అంటే సాధారణ గాంధారమైపోతుంది. అందుకే ముందు స నుంచి నేరుగా గ పట్టుకుని, ఆపైన రి కలపండి.

లిపిని ముందు ఎనిమిది లెక్కల ఆదితాళం వేస్తూ ఉత్త మాటలుగా చదవండి. 'స' ఒక అక్షరకాలం (తాళంలో ఒక లెక్క), 'సా' రెండు. కింద చుక్క ఉంటే మంద్రం (కింది స్థాయి), పైన చుక్క ఉంటే తారం (పై స్థాయి). స్వరం తప్పినా తాళం ఆపొద్దు.

మెయిన్ రోడ్డు పక్క ఫ్లాటైతే హారన్లు మొదలవకముందే, తెల్లవారుజామున కూర్చోండి. హైదరాబాద్ చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో కచేరీకి వెళ్తే తంబురా మోగగానే స మనసులో పట్టి, ఆలాపన నిలిచిన ప్రతిచోటా అది ఏ స్వరమో చెప్పుకోండి.