పిల్లల టెస్టు రిపోర్టుల కోసం ఎదురుచూసే రోజుల్లో ఏం చెయ్యాలి, ఏం చెయ్యకూడదు

బోన్ మ్యారో (ఎముక లోపలి మజ్జ) తీశారు, లేదా బయాప్సీ చేశారు, అంటే ఒంట్లోంచి చిన్న ముక్క తీసి పరీక్షకి పంపారు. డాక్టరుగారు "రిపోర్టు రానివ్వండమ్మా, అప్పుడు మాట్లాడదాం" అనేసి పక్క మంచానికి వెళ్లిపోయారు. అసలు టెన్షన్ అక్కడ మొదలవుతుంది. నేను డాక్టర్ని కాదు, విశాఖలో ఇలాంటి వార్డులో మా పాప పక్కన కూర్చున్న తల్లిని. అందుకే వైద్యం సంగతి వాళ్లకి వదిలేసి, మధ్యలో ఉండే ఈ రోజుల గురించే చెబుతాను.

ముందుగా, ఏయే టెస్టులు పంపారో సిస్టరమ్మనో డ్యూటీ డాక్టర్నో అడిగి ఒక్కొక్కటీ రాసుకోండి. పక్కనే, అది ఎప్పుడొస్తుంది, ఎక్కడ తీసుకోవాలి, ఎవరు వివరిస్తారు అని మూడు గడులు గీసుకోండి. ఇది చెయ్యకపోతే ప్రతి పూటా "వచ్చిందా, వచ్చిందా" అని కౌంటర్ చుట్టూ తిరగడమే పని. సీబీపీ, అంటే రక్తకణాల లెక్క, కొన్ని గంటల్లో చేతికొస్తుంది. బ్లడ్ కల్చర్ అలా కాదు, క్రిమి ఉంటే పెరగాలి కదా, మామూలుగా 5 రోజులు చూశాకే ఫైనల్ ఇస్తారు. రెండో రోజు "నో గ్రోత్" అని వచ్చినా అది ఇంకా పూర్తి మాట కాదు. బోన్ మ్యారోలో స్లైడు చూసి చెప్పేది ఒకటి రెండు రోజులు, కణాల రకం తేల్చే ఫ్లో సైటోమెట్రీకి ఇంకొన్ని రోజులు, క్రోమోజోముల టెస్టులకైతే వారం నుంచి మూడు వారాలు కూడా పట్టొచ్చు. ఎముక ముక్క తీసి ఉంటే దాన్ని కోసి చూడాలంటే ముందు అందులో కాల్షియం కరిగించాలి, అందుకే మామూలు బయాప్సీ కంటే అది ఆలస్యం. టీబీ అనుమానమైతే జీన్‌ఎక్స్‌పర్ట్ మిషన్ రెండు గంటల్లో చెప్పేస్తుంది కానీ టీబీ కల్చర్‌కి 6 వారాల దాకా ఆగాలి. కొన్ని శాంపిల్స్ ఊరు దాటి హైదరాబాద్‌కో ముంబైకో వెళ్తాయి, మధ్యలో ఆదివారం, పండగ వస్తే ఆ రోజులు లెక్కలోకి రావు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆలస్యమయ్యేకొద్దీ "ఏదో పెద్దదే అయ్యుంటుంది, మనకి చెప్పట్లేదు" అనిపిస్తుంది. చాలాసార్లు దానికీ దీనికీ సంబంధమే ఉండదు. "ఇంకో టెస్టు కలిపాం, ఐహెచ్‌సీ (ముక్కకి ప్రత్యేకమైన రంగులేసి చూసే టెస్టు) చెయ్యాలి" అంటే అది జబ్బు ఏ రకమో కచ్చితంగా తేల్చుకోవడానికి. మందు ఆ రకాన్ని బట్టే ఉంటుంది, కాబట్టి వాళ్లని తొందరపెట్టకండి.

శాంపిల్ మన చేతికే ఇచ్చి బయట ల్యాబులో ఇచ్చి రమ్మనడం మన దగ్గర మామూలే. తీసుకునే ముందు సీసా మీద పేరు, వయసు, ఐపీ నంబరు (ఆసుపత్రిలో చేర్చుకున్నప్పుడు ఇచ్చేది) ఉన్నాయో లేదో అక్కడే చూసుకోండి. ఐస్‌లో పెట్టాలా, మామూలుగా పట్టుకెళ్లాలా, ఎన్ని గంటల్లోపు చేరాలి అని అడిగి కదలండి. బయాప్సీ ముక్క పాడవకుండా ఫార్మలిన్ అనే ద్రవంలో వేస్తారు, కల్చర్‌కి పంపేదాన్ని ఫార్మలిన్‌లో వెయ్యరు, అది తగిలితే క్రిమి చచ్చిపోతుంది. ఒకే ముక్కని రెండింటికీ పంచితే సీసాలు తారుమారు కాకుండా చూసుకోండి. ల్యాబులో ఇచ్చాక రసీదు తీసుకుని ఫోన్లో ఫోటో కొట్టుకోండి.

ఇప్పుడు ఫోన్ సంగతి. ఈమధ్య రిపోర్టు డాక్టర్ కంటే ముందు మన వాట్సాప్‌కే వచ్చేస్తోంది. రాత్రి పదకొండింటికి పీడీఎఫ్ వస్తే అప్పుడే తెరవాలా, పొద్దున్న డాక్టర్ దగ్గరే చూడాలా అన్నది భార్యాభర్తలిద్దరూ ముందే అనుకోండి. తెరిస్తే మాత్రం ఒకటి గుర్తుపెట్టుకోండి, చాలా ల్యాబులు పక్కన ముద్రించే "నార్మల్" అంకెలు పెద్దవాళ్లవి. ఎదిగే పిల్లల్లో ఎముకలు పెరుగుతుంటాయి కాబట్టి ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ ఎక్కువే ఉంటుంది, చిన్నపిల్లల్లో లింఫోసైట్ల శాతం కూడా మనకంటే ఎక్కువ. అవి బోల్డులో కనబడగానే గుండె జారిపోతుంది. ఆ అంకెని గూగుల్‌లో కొట్టే బదులు పొద్దున్నే రౌండ్స్‌లో అడగండి. అర్థం కాని మాట నిజంగా భయపెడుతుంటే తెల్లారేదాకా కూర్చోకండి, వార్డులో డ్యూటీ డాక్టర్ ఉంటారు, వెళ్లి అడగండి, విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

"రిపోర్టు వచ్చాక చూద్దాం" అనకూడనివి కొన్ని ఉన్నాయి. ఇంటికి పంపేసి ఉంటే ఇంకా ముఖ్యం. తెల్లకణాలు తగ్గాయని చెప్పిన పిల్లలకి జ్వరం 100.4 దాటిందంటే అది రాత్రయినా పగలైనా ఆసుపత్రికే. ముక్కు, చిగుళ్ల నుంచి ఆగకుండా రక్తం, ఒంటి మీద కొత్తగా ఎర్ర చుక్కలు, మత్తుగా పడుకుని పలకకపోవడం, ఫిట్స్, ఆయాసం, వీటిలో ఏది కనిపించినా 108కి కొట్టండి. ప్లేట్‌లెట్లు తక్కువుంటే బ్రూఫెన్, ఆస్పిరిన్ లాంటివి వెయ్యకూడదు, కండకి ఇంజెక్షన్ కూడా వద్దు. వీధి చివర ఆర్ఎంపీ మంచివాడే కావచ్చు, కానీ ఆయన "పాప నీరసంగా ఉంది" అని స్టెరాయిడ్ పొడిస్తే చాలా నష్టం. లుకేమియా (రక్త క్యాన్సర్) అనుమానం ఉన్నప్పుడు స్టెరాయిడ్ పడిందంటే చెడు కణాలు తాత్కాలికంగా తగ్గిపోయి మ్యారో టెస్టు తప్పుదారి పట్టొచ్చు. ఇప్పటికే ఆస్తమాకో కిడ్నీకో డాక్టర్ రాసిన స్టెరాయిడ్ నడుస్తుంటే మాత్రం మీ అంతట మీరు ఆపకండి, ఆ సంగతి ఇక్కడి డాక్టర్‌కి చెప్పండి.

ఖాళీగా కూర్చుంటే పిచ్చెక్కుతుంది, అందుకే కాగితాల పని ఇప్పుడే పెట్టుకోండి. ప్రభుత్వ ఉచిత వైద్య పథకం ఎన్టీఆర్ వైద్య సేవ కింద వైద్యం జరగాలంటే ఆధార్, బియ్యం కార్డు కావాలి, పిల్లల పేరు రెండింట్లో ఒకేలా ఉందో లేదో చూడండి. ఒక దాంట్లో "సాయి" ఉండి ఇంకోదాంట్లో లేకపోతే ఆ రోజు కౌంటర్లో ఏడుపొస్తుంది. ఆసుపత్రిలో ఈ పథకం సంగతి చూసే ఆరోగ్యమిత్ర డెస్క్ ఉంటుంది, లేదంటే 104కి ఫోన్ చేసి అడగొచ్చు. క్యాన్సర్ అనే అనుమానం ఉంటే, టాటా మెమోరియల్ వాళ్ల హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి అగనంపూడిలో ఉందని తెలిసి ఉండటం మంచిది. మహారాణిపేటలో కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) దగ్గర గది తీసుకున్నవాళ్లకి అది గాజువాక దాటి ఊరి అవతలి కొస, పాడేరు నుంచో శ్రీకాకుళం నుంచో వచ్చినవాళ్లు లాడ్జికి నెల అడ్వాన్సు కట్టేముందు వైద్యం ఎక్కడ జరుగుతుందో తేలేదాకా ఆగండి.

ఇక చుట్టాలు. "ఏటైంది, రిపోర్టులొచ్చేయా?" అని రోజుకి పాతిక ఫోన్లు, ప్రేమతోనే, కానీ ప్రాణం తోడేస్తాయి. మావయ్యనో పిన్నినో ఒకర్ని పెట్టి అందరికీ వాళ్లే చెప్పేలా చూడండి. "ఎవరి వైపు నుంచి వచ్చింది" అని మొదలెట్టే పెద్దవాళ్లని మాత్రం అక్కడే ఆపండి, మొహమాటం వద్దు. సింహాచలం అప్పన్నకి మొక్కుకోండి, కనకమహాలక్ష్మమ్మకి మొక్కుకోండి, నేనూ మొక్కాను. కానీ తెల్లకణాల కౌంట్ తక్కువున్న పిల్లలకి తీర్థం పట్టకండి, కాచి చల్లార్చిన నీళ్లే. గుడి రద్దీలోకీ తీసుకెళ్లకండి.

పిల్లలకి ఏం చెప్పాలి అంటే, తెలిసింది చెప్పండి. "రిపోర్టు ఇంకా రాలేదు నాన్నా, రాగానే నీకు చెబుతా" అంటే చాలు. "ఇంక సూదులుండవు" అని మాత్రం మాటివ్వకండి, మర్నాడే రక్తం తియ్యడానికి వస్తే మనల్ని నమ్మరు. ఇంట్లో వదిలొచ్చిన రెండోవాడితో రోజూ కాసేపు మాట్లాడండి, వాడు తన వల్లే ఇలా అయిందనుకుంటూ ఉండొచ్చు, పిల్లలు అలాగే ఆలోచిస్తారు. మీరు వంతులేసుకుని తినండి, పడుకోండి. కేజీహెచ్ నుంచి కిందికి దిగితే బీచ్ రోడ్డే, సాయంత్రం ఒకరు అరగంట గాలి పీల్చి రండి.

రిపోర్టు వివరించే రోజు ఇద్దరు వెళ్లండి, ఒకరు వినడానికి, ఒకరు రాయడానికి. అడిగితే ఫోన్లో రికార్డు చేసుకోనిచ్చే డాక్టర్లూ ఉన్నారు. జబ్బు పేరు, ఏ రకం, ఇంకా రావాల్సిన టెస్టులేమిటి, మందు ఎప్పుడు, ఎక్కడ మొదలుపెడతారు, ఈలోగా ఇంటికి వెళ్లొచ్చా అని అడగండి. బయటికొచ్చాక గుర్తొచ్చిన ప్రశ్న ఉంటే మళ్లీ లోపలికెళ్లండి. వేరే చోట రెండో అభిప్రాయం తీసుకోవాలనుకుంటే రిపోర్టు కాగితం ఒక్కటే సరిపోదు, స్లైడ్లు, పారఫిన్ బ్లాకులు (ముక్కని మైనంలో పెట్టి దాచినవి) కావాలని ల్యాబులో రాతపూర్వకంగా అడగండి, తీసుకున్నాక బ్లాకుల్ని ఎండలో, వేడి కారులో వదిలెయ్యకండి.