దడి దాటే కోళ్లు: ఏ కోడి, ఎన్నింటికి, ఎటు నుంచి

కోళ్లు దడి దాటిపోతున్నాయని ఎవరు వచ్చినా నేను అడిగేవి మూడే. ఏ కోడి పోతోంది, ఎన్నింటికి పోతోంది, ఎటు నుంచి పోతోంది? ఈ మూడూ చూసుకోకుండా నేరుగా షాపుకెళ్లి ఇంకో రెండడుగుల మెష్ తెచ్చి కట్టేస్తారు, అయినా కోడి పోతూనే ఉంటుంది, అప్పుడు మళ్లీ ఫోన్ చేస్తారు. నాటుకోడి రాత్రి పడుకోవడానికే చింతచెట్టు కొమ్మ ఎక్కే రకం. దానికి మెష్ ఎత్తు ఒక్కటే అడ్డం అనుకుంటే డబ్బులు దండగ.

కాబట్టి ముందు ఒక పొద్దున్న గూడు తలుపు తీసి, మేత వేసి, పక్కకి తప్పుకోండి. దడి దగ్గర నిలబడితే ఏమీ తెలియదు, ఇంకా నూకలు వేస్తారేమోనని అన్నీ మీ కాళ్ల చుట్టూనే తిరుగుతాయి. డాబా మీద నుంచో వంటింటి కిటికీలోంచో చూడండి. అన్నీ ఒకే రంగువైతే అనుమానమున్న దాని కాలికి రంగు దారం వదులుగా కట్టండి. అంతసేపు చూసే తీరిక లేకపోతే గేటు కింద, దడి వారన ముగ్గు పిండి పల్చగా చల్లి పెట్టండి, కిందనుంచి దూరేది ఉంటే అడుగులు కనిపిస్తాయి. ఇంత తేలిక పని ఎందుకు చెయ్యరో నాకిప్పటికీ అర్థం కాదు.

ఏ వేళంటే ఆ వేళ, నాలుగైదు కోళ్లు పైనుంచి దాటుతున్నాయి

కారణం చాలాసార్లు దడి కాదు, దడి పక్కన మీరు పెట్టినవి. బట్టలు ఉతికే బండ, బోర్లించిన బకెట్, ఇల్లు కట్టినప్పుడు మిగిలిన ఇటుకలు, అన్నిటికంటే ముఖ్యంగా గూడు కప్పు. మూడడుగుల ఎత్తున్న గూడుని దడికి ఆనించి పెడితే మీ ఆరడుగుల దడి మూడడుగులదే అయింది. గూడుని మధ్యకి జరపండి, మిగతావన్నీ దడికి ఐదారడుగుల దూరం తీసెయ్యండి, దడి మీదకి వంగిన జామకొమ్మ, మునగకొమ్మ కొట్టెయ్యండి.

రెండోది పై అంచు. మెష్ బిగువుగా నిలబడాలని పైన అడ్డంగా వెదురు బద్ద కడతారు. కోడి సాధారణంగా ఒక్క ఊపులో దడి మీదుగా ఎగిరి అవతల పడదు, ముందు పైన వాలి, అటూ ఇటూ చూసి, అప్పుడు దూకుతుంది. ఆ వాలే చోటు మీరే కట్టి ఇచ్చారు. బద్ద తీసేసి పై అడుగు మెష్‌ని వదులుగా లోపలికి వంచండి. వాలితే ఊగిపోతుంది, అందుకని జంకుతుంది. చిన్న దొడ్డి అయితే ఈ గొడవంతా ఎందుకు, పైన వల కప్పెయ్యండి. కృష్ణ ఒడ్డున జాలరులను అడిగితే పాత చేపల వల దొరకొచ్చు. బిగించి కట్టాలి, వేలాడితే కాళ్లకి చుట్టుకుంటుంది. ఆకుపచ్చ షేడ్ నెట్ మన ఎండలకి కొన్నాళ్లకి పెళుసెక్కి చేతిలో పొడైపోతుంది, దాన్ని దడిగా మాత్రం నమ్ముకోవద్దు.

కిందనుంచి పోతున్నాయి

కోడి కుక్కలాగా పనిగట్టుకుని సొరంగం తవ్వదు, కానీ దడి వారన మెత్తటి మట్టి దొరికితే అక్కడే మట్టిస్నానం చేస్తుంది, అలా చేసీ చేసీ మెష్ కింద గుంట పడుతుంది. గుంటూరు వైపు నల్లరేగడి నేల ఉన్నవాళ్లకి ఇంకో బాధ ఉంది. వేసవిలో నేల నెర్రెలిచ్చి గుంజలు వదులవుతాయి, వానలకి ఉబ్బి పక్కకి ఒరుగుతాయి. జనవరిలో బిగుతుగా ఉన్న దడికి మే నెలలో అరచెయ్యి పట్టే సందు వస్తుంది. దడి అడుగున ఇటుకలో నాపరాళ్లో వరసగా పేర్చండి, మట్టిస్నానానికి విడిగా ఒక మూల బూడిద కలిపిన ఇసుక పొయ్యండి.

పిల్లల కోడి అయితే మెష్ కన్ను చూడండి. పెద్ద కళ్ల మెష్‌లోంచి పిల్లలు బయటికి జారుతాయి, అవి అవతల కియ్ కియ్ అంటుంటే తల్లి ఇవతల పిచ్చెత్తినట్టు తిరిగి చివరికి ఎగిరిపోతుంది. కింది అడుగున్నర మేర సన్న కన్ను మెష్ కట్టండి, సరిపోతుంది.

మే నెల మధ్యాహ్నం గుంపుగా పోతున్నాయి

నీడ లేదు. విజయవాడలో ఎండ 45 డిగ్రీలు దాటే రోజుల్లో రేకుల కప్పు కింద ఏ కోడి ఉంటుంది? పక్కింటి మామిడిచెట్టు కిందకి పోతాయి. కొబ్బరాకులో తాటాకులో వేసి పందిరి వెయ్యండి, మట్టి మూకుడులో నీళ్లు పెట్టి పూటకి రెండుసార్లు మార్చండి.

ఒక్క పెట్టే, పొద్దున పూటే

అసలు తలనొప్పి ఇది. దడి బాగుంది, సందుల్లేవు, మిగతా కోళ్లన్నీ బుద్ధిగా లోపలే ఉన్నాయి, ఒక్క పెట్ట మాత్రం రోజూ మాయమవుతోంది. పొమ్మన్నా పోనట్టు మధ్యాహ్నానికో సాయంత్రానికో అదే తిరిగొస్తోంది. ఇలాంటి దానికి మెష్ పెంచి, వల కప్పి, చివరికి కోసుకు తిన్నవాళ్లను కూడా చూశాను. గోరంట్లలో మా బాబాయ్ ఫోన్ చేసి అన్నది ఇదే.

"ఆరడుగులు కట్టించాన్రా, అయినా ఆ నల్లపెట్ట ఆగట్లేదు. రెక్కలు కత్తిరించెయ్యనా?"

"అదొక్కటే పోతోందా బాబాయ్?"

"అదొక్కటే. మీ పిన్ని టిఫిన్ పెట్టే వేళకి పోద్ది. మధ్యాహ్నానికి వచ్చి గేటు దగ్గర నిలబడుద్ది."

"గుడ్లు పెడుతోందా?"

"ఎక్కడ, మానేసింది. మీ పిన్ని దాన్ని ఆదివారం కూరకి ఖాయం చేసింది."

మానెయ్యలేదు. పక్కింటి మేడ మీద, వాటర్ ట్యాంకు వెనకాల, మడిచి పడేసిన పాత ఫ్లెక్సీ కింద డజను పైనే గుడ్లున్నాయి. అది పారిపోవడం లేదు, గుడ్డు పెట్టడానికి చోటు వెతుక్కుంటోంది. గుడ్డు వేళయిన పెట్టకి ఐదడుగుల దడీ ఒకటే, ఎనిమిదడుగుల దడీ ఒకటే, ఎలాగోలా దారి చేసుకుంటుంది.

గుర్తు పట్టడం కష్టం కాదు. పోయే ముందు దడి వెంబడి అటూ ఇటూ పచార్లు చేస్తుంది, గొంతు తగ్గించి మూలుగుతున్నట్టు అరుస్తుంది. జుట్టు ఎర్రగా ఉంటుంది. గుడ్డు పెట్టాక పెద్దగా కేకలు పెట్టుకుంటుంది, ఆ కేక ఏ డాబా మీదనుంచి వస్తోందో వింటే సగం పని అయిపోయినట్టే. ఇక్కడే చాలామంది పొరపడతారు, గుడ్లు తగ్గాయంటే మేతలో లోపమనో, కోడి ముసలిదైందనో అనుకుంటారు గానీ కోడి పోవడానికీ గుడ్లు తగ్గడానికీ ముడి పెట్టరు. కొన్నాళ్లకి అది రాత్రిళ్లు కూడా రాదు. అంటే దొంగలెత్తుకుపోయారని కాదు, పొదుగుకి కూర్చుంది. అదృష్టముంటే 21 రోజులు దాటాక పిల్లల్నేసుకుని వస్తుంది, లేకపోతే ఈలోగా ముంగిసో పిల్లో పని పూర్తి చేస్తుంది.

మీరు గంప పెట్టి గడ్డి వేశారు, మరి అందులో ఎందుకు పెట్టదు? చీకటి పడ్డాక టార్చి తీసుకుని గూటి దగ్గరకెళ్లండి. కోళ్లు పడుకునే కర్ర అడుగు భాగాన్ని, గంప అల్లిక సందుల్ని తెల్ల గుడ్డతో గట్టిగా తుడవండి. గుడ్డ మీద ఎర్రటి మరకలు పడితే కోడిపేలు. పగలు సందుల్లో దాక్కుని రాత్రి నెత్తురు తాగుతాయి కాబట్టి పగలు ఎంత వెతికినా కనపడవు, "మా గూడు శుభ్రమేనండీ" అనేవాళ్లంతా పగలు చూసినవాళ్లే. బాబాయ్ వాళ్ల గంపదీ అదే కథ, గుడ్డతో తుడిచిన చోటల్లా గీతలు గీతలుగా ఎర్రబడింది. అలాంటి గంపలో కూర్చోమంటే ఏ కోడి కూర్చుంటుంది!

పాత గడ్డి తీసి కాల్చెయ్యండి. సందుల్లో సలసల కాగే నీళ్లు పోసి, ఎండాక సున్నం కొట్టండి. గంప మరీ పాతదైతే పారేసి కొత్తది కొనండి, వెనకాడేంత ఖరీదేం కాదు. కోళ్ల ఒంటి మీద కూడా ఉంటే పశువుల డాక్టర్‌ని అడిగి మందు వాడండి. మిర్చి చేనుకి కొట్టగా మిగిలింది కదా అని పురుగుమందు డబ్బా తెచ్చి గూట్లో కొట్టకండి. మన వైపు ఆ డబ్బా లేని ఇల్లుండదు, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నా.

పేలు లేకపోతే మిగతావి చూడండి. గంప మనుషులు తిరిగే దారిలోనో వెలుతురు పడే చోటో ఉండొచ్చు, పెట్టకి చీకటి, మరుగు కావాలి. ఉన్న ఒక్క గంపలో పొదుగు కోడి తిష్ట వేసి ఉండొచ్చు, ఇంకొకటి పెట్టండి. లేదా మీరే రోజూ గుడ్లన్నీ ఊడ్చి తీసేస్తున్నారేమో. గుడ్డు పెట్టిన చోట గుడ్డు మిగలకపోతే నాటుపెట్ట ఆ చోటు మంచిది కాదనుకుంటుంది. పాతకాలం వాళ్లు ఒక గుడ్డు వదిలేది ఇందుకే. నిజం గుడ్డు మురిగిపోతుంది కాబట్టి చెక్క గుడ్డో, టేబుల్ టెన్నిస్ బంతికి చిల్లు పెట్టి ఇసుక నింపి అంటించిందో పెట్టండి.

చోటు బాగుచేశాక వారం పది రోజులు ఆ పెట్టని మధ్యాహ్నం దాకా గూడు వదలనివ్వద్దు, మేత, నీళ్లు లోపలే పెట్టండి. తొమ్మిదింటికి పెట్టేస్తుందిలే అని పదింటికే తలుపు తీస్తారు, అక్కడే దెబ్బతింటారు. ఒక గుడ్డు తయారవడానికి సుమారు 25 గంటలు పడుతుంది, అందుకని పెట్టే వేళ రోజురోజుకీ వెనక్కి జరుగుతుంది. ఇవాళ తొమ్మిదైతే రెండు రోజులకి పదిన్నర, పదకొండు కావచ్చు. ఈ పది రోజుల్లోనే బయట దొరికిన చోటు ఖాళీ చేసి మూసెయ్యండి. ఆ గుడ్లు నీళ్లలో వేసి చూడండి, తేలినవి పారెయ్యండి. ఇప్పటికే బయట పొదుగుకి కూర్చుని ఉంటే మాత్రం పగలు కదిలించొద్దు, రాత్రి చీకట్లో కోడినీ గుడ్లనీ కలిపి తెచ్చి మీ గంపలో పెట్టండి, చాలాసార్లు మారుమాట్లాడకుండా కూర్చుంటుంది.

రెక్కలు కత్తిరించడం

అందరూ మొదట చేసేది ఇదే, నేను చివరన చెప్పేది ఇదే. ఒక్క వైపు రెక్కలోని పది పొడుగు ఈకలే కత్తిరించాలి, రెండు వైపులా కోస్తే రెండు వైపులా సమానంగా కొట్టుకుని ఎలాగో ఎగురుతుంది. మొదలు దగ్గర నీలంగా, నెత్తురుతో ఉన్న కొత్త ఈక కొయ్యకండి, నెత్తురు కారుతుంది. ఈకలు రాల్చుకున్నాక మళ్లీ వస్తాయి, మళ్లీ కొయ్యాలి. వీధి కుక్కలు లోపలికొచ్చే ఇంట్లో అసలు వద్దు, తప్పించుకోవడానికి దానికున్నది ఆ రెక్కలే. వనరాజా లాంటి బరువు కోళ్లకి ఈ అవసరమే పెద్దగా రాదు.

మిగతావి

సంతలో కొత్తగా కొన్న కోడి పోతుంటే వారం రోజులు గూట్లోనే మూసి ఉంచండి, ఇల్లు తెలుసుకుంటుంది. పుంజు అదేపనిగా పోతుంటే మీ దగ్గర పుంజులు ఎక్కువయ్యాయి, ఓడింది పారిపోతోంది, ఒకదాన్ని ఇచ్చెయ్యండి. టపాసులకి బెదిరి పోయేది ఏడాదికి ఒకట్రెండు రాత్రులు, దీపావళి నాడు చీకటి పడకముందే గూడు తలుపు వేసి పైన గోనెపట్టా కప్పితే చాలు.