కొత్త దేశంలో మొదటి నెలలు: ఏ రోజుది ఆ రోజే రాయండి

బ్యాంకు ఖాతా, సిమ్ కార్డు, అద్దె ఒప్పందం ఎలాగో మీరే చూసుకుంటారు. అవి లేకుండా పూట గడవదు కాబట్టి ఎవరో ఒకరు దగ్గరుండి చేయిస్తారు కూడా. ఎవరూ గుర్తుచేయని పని ఒకటుంది. నెల తిరిగేసరికి జీవితంలో ఏం మారింది, ఏం చదివాను, ఏది హాయిగా అనిపించింది అని ఒక గంట కూర్చుని చూసుకోవడం. కొత్తగా వచ్చినవాళ్లలో చాలామంది దీన్ని మొదలే పెట్టరు. మొదలుపెట్టినవాళ్లు కూడా తప్పు పద్ధతిలో చేసి, దిగులు పెంచుకుని మానేస్తారు.

ఆ తప్పు ఏమిటంటే, నెలాఖరున తెల్లకాగితం ముందు పెట్టుకుని నెలంతా గుర్తుచేసుకోబోవడం. దయచేసి అలా చేయకండి. నేర్చుకున్నదాంట్లో పెద్ద భాగం మొదటి రోజులోనే జారిపోతుందని, తర్వాత మరుపు నెమ్మదిస్తుందని జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త హెర్మన్ ఎబింగ్‌హాస్ 1885లోనే తన మీద తాను ప్రయోగాలు చేసుకుని చూపించాడు. మిగిలిన కాస్తయినా సరిగ్గా ఉంటుందా అంటే అదీ లేదు. 1993లో మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ కానెమన్ బృందం కొందరి చేతిని 14 డిగ్రీల చన్నీళ్లలో 60 సెకన్లు ఉంచింది. ఇంకోసారి అదే 60 సెకన్ల మీద మరో 30 సెకన్లు ఉంచి, ఆ చివర్లో నీళ్లను 15 డిగ్రీలదాకా వేడెక్కించింది. మళ్లీ ఒకటి చేయాలంటే ఏది ఎంచుకుంటారని అడిగితే ఎక్కువమంది ఆ రెండోదాన్నే ఎంచుకున్నారు. బాధ ఎక్కువసేపు ఉన్నా, చివర కాస్త నయంగా ముగియడమే వాళ్లకు గుర్తుండిపోయింది. మీ నెలకూ ఇదే జరుగుతుంది, కాకపోతే తిరగబడి. నెలాఖరు అంటే అద్దె, బిల్లులు, ఖాతాలో అడుగంటిన డబ్బు. ఆ రోజు మనసు ఎలా ఉంటే నెలంతా అలాగే గడిచినట్టు కనిపిస్తుంది. మధ్యలో బాగా గడిచిన పన్నెండు రోజులు లెక్కలోకే రావు.

అందుకే ఏ రోజుది ఆ రోజే, ఒక్క వరుస. నూరు పేజీల చిన్న రూళ్ల పుస్తకం చాలు. పేజీని నిలువు గీతలతో నాలుగు భాగాలు చేయండి: తేదీ, కొత్తగా జరిగింది, చదివిన పేజీలు, ఒంటి స్థితి. చివరి భాగంలో నిద్ర ఎన్ని గంటలు, ఆకలి ఉందా లేదా, అంతే. మూడు నిమిషాలకు మించకూడదు. వాక్యాలు అందంగా రాయబోయారంటే నాలుగో రోజుకే విసుగు వస్తుంది. పుస్తకాన్ని రాత్రి ఫోను చార్జింగుకు పెట్టే చోటే ఉంచండి, కలం దానికే తగిలించి. ఒక రోజు తప్పిపోతే ఆ వరుస ఖాళీగా వదిలేయండి. మర్నాడు ఊహించి నింపొద్దు. ఖాళీ కూడా సమాచారమే, అది ఎందుకో కింద చెప్తాను.

ఫోనులో రాసుకునేవాళ్లకు ఒక హెచ్చరిక. దేశం మారినప్పుడు క్యాలెండరులో పాత కాలమానంలో పెట్టుకున్నవి సాధారణంగా కొత్త సమయానికి జరుగుతాయి, ఒక్కోసారి తేదీ కూడా మారిపోతుంది. నెట్‌కు కలపని కెమెరా అయితే చేత్తో మార్చేదాకా పాత సమయమే ముద్రిస్తుంది. కాగితం మీద ఈ గొడవ లేదు.

‘కొత్తగా జరిగింది’ అనే చోట ఏం రాయాలి? తేదీలు ముఖ్యం. దేశంలో అడుగుపెట్టిన రోజు, ఇల్లు మారిన రోజు, పాత చిరునామా, కొత్త చిరునామా, పని మొదలైన రోజు, దేశం దాటి వెళ్లి తిరిగొచ్చిన రోజులు. ఇప్పుడివి అల్పంగా కనిపిస్తాయి. కానీ చాలా దేశాల్లో స్థిర నివాసానికో పౌరసత్వానికో దరఖాస్తు పెట్టేటప్పుడు కొన్నేళ్ల చిరునామాలు, ప్రయాణాలు తేదీలతో సహా అడుగుతారు. అప్పుడు పాత మెయిళ్లు తవ్వుకుంటూ కూర్చునేవాళ్లను చూస్తే జాలేస్తుంది. రోజుకు మూడు నిమిషాల పని అది!

ఇక చదువు. మొదటి నెలల్లో చదవలేకపోవడం సోమరితనం కాదు. పగలంతా బోర్డులు, ఫారాలు, కొత్త యాసలు అర్థం చేసుకోవడానికే బుర్ర అరిగిపోతుంది. రాత్రి ఆరువందల పేజీల నవల తెరిస్తే రెండో పేజీలోనే కళ్లు మూతలుపడతాయి. కాబట్టి ఒకేసారి రెండు పుస్తకాలు నడపండి, రెండూ చిన్నవి. ఒకటి తెలుగులో, అదీ ఇదివరకు చదివి ఇష్టపడ్డది. కథ తెలిసిందే కాబట్టి ఎక్కడ ఆపినా తెగదు. వెంట తెచ్చుకోకపోతే తెలుగు వికీసోర్సులో హక్కులు తీరిన పాత పుస్తకాలు ఉచితంగా దొరుకుతాయి. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోనూ పాత తెలుగు పుస్తకాల స్కాన్లు చాలా ఉన్నాయి. స్కాన్ పుటలు బొమ్మల్లాంటివి, అక్షరం పెద్దది చేస్తే వరుస తెరను దాటిపోతుంది. ఫోనులో అవి చదివితే తలనొప్పే. ట్యాబ్‌లోనో, ఫోనును అడ్డంగా తిప్పో చదవండి. అక్షరాలను టైపు చేసి పెట్టిన, తెరకు తగ్గట్టు సర్దుకునే ఈ-పుస్తకం (ఈపబ్) దొరికితే అన్నిటికన్నా మేలు.

రెండోది అక్కడి భాషలో. ఇక్కడే అందరూ పౌరుషానికి పోతారు. ఒక పరీక్ష పెట్టుకోండి. ఏదో ఒక పేజీ తెరిచి వంద పదాలు లెక్కించి చదవండి. అందులో తెలియనివి ఐదు దాటితే ఆ పుస్తకం ఇంకో ఆరు నెలల తర్వాత. ఐదులోపు ఉంటే నిఘంటువు సాయంతో నెట్టుకురావచ్చు. ఎవరి సాయమూ లేకుండా హాయిగా చదవాలంటే వందకు 98 పదాలు తెలిసి ఉండాలని భాషాబోధన పరిశోధకులు 2000లో తేల్చారు. పిల్లల విభాగానికి వెళ్లడానికి సిగ్గుపడొద్దు. పదేళ్ల పిల్లల కోసం రాసిన సైన్సు, చరిత్ర పుస్తకాల్లో ఆ దేశం గురించి పెద్దల పుస్తకాల్లో దొరకనిది దొరుకుతుంది, ఎందుకంటే అక్కడ దేన్నీ ‘తెలిసిందే కదా’ అని వదిలేయరు. ప్రభుత్వ గ్రంథాలయంలో సభ్యత్వానికి సాధారణంగా గుర్తింపు కార్డు, చిరునామా రుజువు చాలు. పుస్తకం తెచ్చిన రోజే తిరిగివ్వాల్సిన తేదీని మీ వరుసలో ఎక్కించండి. రోజుకు పది పేజీలు, రెండింటిలో కలిపి. నెలకు మూడువందలు అవుతాయి, మొదటి నెలకు అది ఎక్కువే.

చిన్న సంతోషాల విషయంలో మాత్రం రోజూ రాయొద్దు. రోజూ వెతికితే అది హోంవర్కు అయిపోయి, ‘ఎండ బాగుంది’ అని అరిగిన ముక్కే మళ్లీ మళ్లీ పడుతుంది. మనస్తత్వ శాస్త్రవేత్త సోన్యా ల్యుబోమిర్‌స్కీ బృందం 2005లో ప్రచురించిన ఫలితమూ ఇదే చెప్పింది: తమకు కలిగిన మేళ్లను వారానికొకసారి రాసినవాళ్ల మనసు కుదుటపడింది, వారానికి మూడుసార్లు రాసినవాళ్లలో ఆ మార్పు కనబడలేదు. వారంలో ఒక రోజు పెట్టుకుని మూడింటికి మించకుండా రాయండి. ఎక్కడ, ఎన్నింటికి, ఎవరు అనేవి ఉండాలి. ‘పొరుగువాళ్లు మంచివాళ్లు’ అని కాదు, ‘మూడో అంతస్తు ముసలాయన ఈరోజు పేరు పెట్టి పిలిచాడు, సాయంత్రం ఆరింటికి, మెట్ల దగ్గర’ అని రాయాలి. ఆర్నెల్ల తర్వాత చదివినా ముసలాయన గొంతు వినబడాలి.

మనసును నలిపేసే సంగతులు ఈ వరుసల్లో పెట్టకండి. వాటికి వేరే కాగితాలు. మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ పెన్నెబేకర్ 1986 నాటి ప్రయోగంలో వాడిన పద్ధతి సులువు: వరుసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాలు, ఆపకుండా, తప్పొప్పులు చూసుకోకుండా. తర్వాత చింపేసినా ఫరవాలేదు. రాసిన వెంటనే మనసు ఇంకా బరువెక్కడం మామూలే, అందుకని నిద్రకు ముందు పెట్టుకోవద్దు. ఇంటికి పంపే కబుర్లు ఈ పుస్తకానికి బదులు కావు. అమ్మకు చెప్పేటప్పుడు ఎవరైనా సగం దాచే చెప్తారు.

నెలవారీ లెక్క చూసుకునే రోజు నెలాఖరు కాకూడదు. మీరు దిగిన తేదీనే పెట్టుకోండి, పొద్దున పూట. ముందు ముప్పై వరుసలూ చదవండి, కలం ముట్టకుండా. తర్వాత మూడు ప్రశ్నలు: ఏం ఆగిపోయింది, ఏం మొదలైంది, ఏది ఆలోచించకుండానే చేసేస్తున్నాను? మూడోదే అసలు కొలమానం. రోడ్డు దాటేటప్పుడు ఏ వైపు చూడాలో తడుముకోకపోవడం, ఫోనులో అవతలివాళ్ల మాట రెండోసారి అడగకపోవడం వంటివి మీరు గమనించకుండానే జరిగిపోతాయి. మొదటి వారం వరుసలు ముందుంటేనే అవి కంటికి కనబడతాయి. వచ్చే నెలకు ఒక్కటే నిర్ణయం రాసుకోండి. పది రాసుకున్నవాళ్లు ఒక్కటీ చేయరు.

రెండో నెలో మూడో నెలో మొదటిదానికన్నా అధ్వానంగా కనిపిస్తే కంగారు పడకండి. మానవశాస్త్రవేత్త కాలెర్వో ఓబెర్గ్ 1960లోనే దీన్ని వివరంగా రాశాడు. మొదట్లో అంతా ముద్దుగా ఉండే దశ కొన్ని రోజుల నుంచి ఆరు నెలలదాకా ఉండొచ్చని, ఆ తర్వాత చిరాకు, కోపం, ఇంటి మీద బెంగ ముదిరే దశ వస్తుందని, దాన్ని దాటాకే కుదురుకుంటారని. అంటే మీలో లోపం ఏమీ లేదు, దారే అలా ఉంటుంది. పుస్తకంలో సగం వరుసలు ఖాళీగా ఉన్నా సరే, మిగిలిన సగం పనికొస్తుంది.

ఒక్క చోట మాత్రం ఖాళీని తేలిగ్గా తీసుకోవద్దు. వరుసగా రెండు వారాలు చదివిన పేజీలు సున్నా, నిద్ర మూడు నాలుగు గంటలు లేదా రోజంతా పడకే, ఆకలి లేదు, వారానికి మూడు సంతోషాల్లో ఒక్కటీ దొరకలేదు అంటే అది బెంగ కాకపోవచ్చు. డాక్టర్లు కుంగుబాటును చూసేటప్పుడు రెండు వారాల గడువునే లెక్కలోకి తీసుకుంటారు. చావు ఆలోచనలు వస్తే రెండు వారాలు ఆగడం కూడా వద్దు, ఆ రోజే అత్యవసర సాయం అడగండి. మిగతావాళ్లు కుటుంబ వైద్యుడికి ఫోను చేయండి. చదువుకుంటున్నవాళ్లకు విశ్వవిద్యాలయంలో కౌన్సెలరు ఉంటారు, చాలా కంపెనీల్లోనూ ఉద్యోగులకు ఆ ఏర్పాటు ఉంటుంది. వెళ్లేటప్పుడు పుస్తకం పట్టుకెళ్లండి. ‘ఎప్పటి నుంచి ఇలా ఉంది?’ అన్నదే వాళ్లు అడిగే మొదటి ప్రశ్నల్లో ఒకటి, జవాబు తేదీతో సహా మీ చేతిలో ఉంటుంది.