గోడలో అమర్చే భారీ అక్వేరియం: లక్షణాన్ని బట్టి కారణం, పరిష్కారం

విశాఖ వంటి సముద్రతీర నగరంలో, హాలుకూ పక్కగదికీ మధ్య గోడలో 8 అడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల ఎత్తు గల గాజు తొట్టిని పెట్టించాలనుకునేవారు ముందుగా చేపల గురించి, రంగు దీపాల గురించి ఆలోచిస్తారు. కానీ అందులో పట్టేది దాదాపు 1,400 లీటర్ల నీరు. నింపిన తరువాత బయటపడే తేడాలలో ఎక్కువ భాగం గోడ కట్టకముందు ప్లానులో జరిగిన పొరపాట్లే గనుక, ఇక్కడ ప్రతి లక్షణాన్నీ ఆ ప్లాను దాకా వెనక్కి తీసుకెళ్లి చూపుతున్నాను. అంకెలన్నీ పై కొలతల తొట్టికే వర్తిస్తాయి.

లక్షణం: నీటిమట్టం ఒక పక్కకు వాలింది, స్టాండు దగ్గర నేల టైల్స్ పగిలాయి

నీటి బరువుకు గాజు, ఇసుక, రాళ్లు, స్టాండు కలిపితే మొత్తం సుమారు 2 టన్నులు అవుతుంది. ఆ బరువంతా 20 చదరపు అడుగుల మీద, అంటే చదరపు అడుగుకు 100 కిలోల చొప్పున పడుతుంది. నివాస గదుల శ్లాబుకు భారతీయ ప్రమాణం ఐఎస్ 875 చదరపు మీటరుకు సుమారు 200 కిలోల వినియోగ భారాన్ని (మనుషులు, సామాన్ల బరువును) లెక్కలోకి తీసుకుంటుంది. చదరపు అడుగుకు చూస్తే అది 19 కిలోలలోపే. గది మొత్తానికి వేసిన సగటునూ ఒక మూల మీద పడే బరువునూ నేరుగా పోల్చలేము గాని, అపార్ట్‌మెంట్ పై అంతస్తులో ఈ పనిని మేస్త్రీ మాట మీద చేయించకూడదనడానికి ఈ తేడా చాలు.

పగులు కనిపించిన రోజే నీటిని సగానికి తగ్గించి, స్ట్రక్చరల్ ఇంజనీరును పిలిపించాలి. బీము మీదుగా బరువు దిగేలా తొట్టి స్థానాన్ని ఆయనే నిర్ణయించాలి. కింది అంతస్తులోనైతే టైల్స్ తీసి, దిమ్మెగా కాంక్రీటు పోయించడం మేలు. వాలు మాత్రమే ఉంటే తొట్టిని పూర్తిగా ఖాళీ చేసి, స్టాండు కాళ్ల కింద రేకు ముక్కలతో సరిచేసి స్పిరిట్ లెవెల్‌తో చూడాలి. తొట్టికీ స్టాండుకూ మధ్య మాత్రం ఏ ముక్కా దూర్చకూడదు. అక్కడ ఒకే మందం గల థర్మాకోల్ షీటు మాత్రమే ఉండాలి.

లక్షణం: పై అంచు దగ్గర గాజు చిట్లింది

నీటి ఒత్తిడికి ఎత్తుతోనే సంబంధం గనుక అది అడుగున ఎక్కువ, పైన దాదాపు శూన్యం. ముందు అద్దం మీద మొత్తం 700 కిలోల తోపు ఉన్నా, పై అంచు చిట్లడానికి అది కారణం కాదు. అక్కడ గోడ బరువు గాజును నొక్కుతోందని అర్థం. గోడకు కన్నం పెట్టినప్పుడు పై గోడ బరువును మోసే లింటెల్ (అడ్డదూలం) వేయకపోవడం, లేదా సందుల్లో సిమెంటు కూరడం వల్ల ఇలా అవుతుంది. చిట్లిన అద్దానికి అతుకు పనికిరాదు, మార్చాల్సిందే. కొత్తది పెట్టేటప్పుడు చుట్టూ కనీసం అంగుళం ఖాళీ వదిలి, ఆ సందును ఊడదీయగలిగే ఫ్రేముతో కప్పాలి.

లక్షణం: కరెంటు పోయినప్పుడల్లా సంప్ (అక్వేరియం కింద ఉండే ఫిల్టర్ తొట్టి) పొంగి నేల తడుస్తోంది

గోడ అక్వేరియం ఉన్న ఇళ్లలో నాకు ఎక్కువగా వినబడే ఫిర్యాదు ఇదే. మా బంధువుల ఇంట్లో ఒక రాత్రి కరెంటు పోయి, తెల్లవారేసరికి గుమ్మం దగ్గరి పట్టా నానిపోయి, నీరు సోఫా కాళ్ల కిందికి చేరింది. అందరూ తొట్టి కారిందనుకున్నారు. తొట్టికి ఏమీ కాలేదు. సంప్ నుంచి శుభ్రమైన నీటిని పైకి తెచ్చే గొట్టం మూతి నీటి ఉపరితలానికి 8 అంగుళాల లోతున ఉంది. పంపు ఆగగానే అదే గొట్టం సైఫన్‌గా మారి, మూతి గాలికి తేలేంతవరకు నీటిని వెనక్కి లాగింది. ఈ తొట్టిలో ఒక్క అంగుళం నీరు 47 లీటర్లు. 8 అంగుళాలంటే 375 లీటర్లు. సంప్‌లో ఖాళీ 100 లీటర్లే.

గొట్టం మూతిని ఉపరితలానికి అంగుళంలోపు ఉంచి, నీటిమట్టానికి కాస్త కిందుగా గొట్టానికి 5 మిల్లీమీటర్ల రంధ్రం వేస్తే, మట్టం దిగగానే అందులోంచి గాలి చొరబడి సైఫన్ తెగిపోతుంది. ఆ రంధ్రానికి నాచు పట్టకుండా నెలకోసారి పుల్లతో శుభ్రం చేయాలి. నీటిని వెనక్కి పోనివ్వని నాన్ రిటర్న్ వాల్వు ఒక్కదానినే నమ్మడం సరికాదు, చిన్న నత్త ఇరుక్కున్నా అది మూసుకోదు. గోడ పని ముగియకముందే తొట్టిని నింపి, పంపు నడుస్తుండగా చేతులారా స్విచ్ ఆపి, సంప్‌లో నీరు ఎంతవరకు లేచిందో గీత గీసి పెట్టుకోవాలి.

కరెంటు ఎక్కువసేపు రాకపోతే సమస్య చేపలకు నీటిలో అందాల్సిన గాలిది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తాకిన తరువాత విశాఖలో రోజుల తరబడి విద్యుత్తు లేదు. ఫ్లాట్‌కు జనరేటర్ ఉన్నా, బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటి విడిగా ఉండాలి.

లక్షణం: వేసవిలో నీరు వేడెక్కుతోంది, చిల్లర్ (నీటిని చల్లబరిచే యంత్రం) పెడితే అద్దం బయట చెమరుస్తోంది

ఈ రెండింటికీ మూలం సముద్రపు తేమే. నీటి మీద ఫ్యాను పెట్టే ఉపాయం ఆవిరి మీద ఆధారపడి పనిచేస్తుంది. 10 లీటర్లు ఆవిరైతే, ఆ వేడంతా తొట్టి నీటి నుంచే పోయిందనుకుంటే, 4 డిగ్రీలు తగ్గాలి. పొడిగాలి వీచే ఊళ్లలో ఇది బాగా నడుస్తుంది గాని, బీచ్ రోడ్డు వైపు ఇళ్లలో గాలే తడిగా ఉంటుంది గనుక ఆవిరి అంతగా లేవదు. చిల్లర్ పెట్టి నీటిని 24 డిగ్రీలకు దించితే మరో చిక్కు వస్తుంది: గది 32 డిగ్రీల వేడితో, గాలిలో తేమ 70 శాతంగా ఉన్నప్పుడు 26 డిగ్రీల కంటే చల్లనైన దేనిమీదనైనా నీటిబొట్లు కడతాయి. అవి కారి ఫ్రేమును ఉబ్బిస్తాయి, గోడ రంగును పెచ్చులుగా లేపుతాయి.

నా సలహా ఏమిటంటే చిల్లర్‌ను 27 డిగ్రీల దగ్గర ఆపి, ఆ వేడికి ఇమిడే ఏంజెల్, ఆస్కార్ వంటి చేపలనే ఎంచుకోవాలి. చల్లని నీరు కోరే గోల్డ్‌ఫిష్ ఇక్కడ అనవసరపు తలనొప్పి. చిల్లర్ విడిచే వేడిగాలి బయటికి పోయే దారి లేకుండా దానిని మూసిన అరలో పెడితే, అది తన వేడితోనే తాను పోరాడుతుంది. తొట్టిని అమర్చిన గూడు లోపలి గోడలకు వాటర్‌ప్రూఫ్ పూత, చిన్న ఎగ్జాస్ట్ ఫ్యాను తప్పనిసరి. ప్లైవుడ్‌కు, పీఓపీకి బదులు పీవీసీ బోర్డు వాడాలి.

లక్షణం: స్టాండు తుప్పు పడుతోంది, సాకెట్ దగ్గర షాక్ కొడుతోంది

ఉప్పుగాలికి మామూలు ఇనుము ఆగదు. గాల్వనైజ్ చేసి, ఎపాక్సీ పూసిన స్టాండు కావాలి. వైరు సాకెట్ కంటే కిందికి వేలాడి, మళ్లీ పైకి వెళ్లి తగులుకునేలా అమర్చితే దాని వెంట జారే నీటిచుక్క నేల మీదే రాలుతుంది. కరెంటు లీకైతే వెంటనే సరఫరాను తెంచే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ లేకుండా అక్వేరియం సర్క్యూటుకు కరెంటు ఇవ్వనే కూడదు.

లక్షణం: మొదటి వారాల్లోనే నీరు పాలలా మారి చేపలు చనిపోతున్నాయి

చేపల వ్యర్థాల నుంచి పుట్టే విషమైన అమ్మోనియాను నైట్రైట్‌గా, దానిని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఫిల్టర్‌లో స్థిరపడటానికి సాధారణంగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. అంతవరకు చేపలు వద్దు. కుళాయి నీటిలోని క్లోరిన్‌ను తీసేశాకే తొట్టిలో పోయాలి.

లక్షణం: వెనుక మూలల్లో నాచు పేరుకుంది, చేయి అందడం లేదు

తొట్టికి పైన 8 అంగుళాల సందు మాత్రమే వదిలారన్నమాట. మోచేయి మడిచి, చేతిలో బ్రష్షుతో అడుగును తాకాలంటే కనీసం ఒకటిన్నర అడుగు కావాలి, రాయి పైకి తీయాలంటే రెండు. గోడ పూర్తయిపోతే మిగిలిన మార్గం పక్కగది వైపు ప్లాస్టర్ కొట్టించి తలుపు పెట్టించడమే. ఖర్చుకు వెరచి దానిని వాయిదా వేసినవాళ్లు చివరకు ఒక పంపు మార్చడానికే గోడ పగలగొట్టించారు.