కాసిల్ కూమ్ వెళ్తే కారు కొండ పైనే ఆపండి

ఇంగ్లండ్‌లో విల్ట్‌షైర్ కౌంటీలోని కాసిల్ కూమ్ అనే పల్లెలోకి నేరుగా కారుతో దిగితే అవస్థే. ఉన్నది సన్నటి వీధి, ఆపడానికి చోటుండదు, ఎదురుగా ఇంకో కారొస్తే రివర్స్ చేసుకుంటూ పోవాలి.

ఎం4 మోటార్‌వే మీద 17వ జంక్షన్‌లో దిగండి. మ్యాప్‌లో ఊరి పేరు కాకుండా 'కాసిల్ కూమ్ విలేజ్ కార్ పార్క్' అని పెట్టుకోండి. ఊరి పేరుతోనే రేసింగ్ సర్క్యూట్ కూడా పక్కనే ఉంది, దారి అటు చూపిస్తే పట్టించుకోవద్దు. పార్కింగ్ ఉచితం. అక్కణ్ణుంచి పది, పదిహేను నిమిషాలు దిగువకి నడిస్తే ఊరి మధ్యలో పాతకాలపు సంత కట్టడం మార్కెట్ క్రాస్ వస్తుంది. పక్కనే సెయింట్ ఆండ్రూస్ చర్చి. లోపల ముళ్లూ అంకెలూ లేని పాతకాలపు గడియారం ఉంది, తప్పక చూడండి. ఫొటోకైతే వీధి చివర బైబ్రూక్ వాగు మీది వంతెన దాకా వెళ్లి వెనక్కి తిరగండి. ఉదయం తొమ్మిదిలోపైతే జనం అడ్డురారు. వీధి పొడవునా ఉన్నవి మనుషులు కాపురముంటున్న ఇళ్లు, కిటికీల్లోకి తొంగిచూడకండి.

వేసవి వారాంతాల్లో పొద్దెక్కితే ఆ పార్కింగూ నిండిపోతుంది. రేసులున్న రోజు రోడ్డంతా రద్దీ, ఊళ్లోకి కూడా ఇంజన్ల మోత. సర్క్యూట్ క్యాలెండర్ చూసుకునే బయల్దేరండి. తిరిగొచ్చేటప్పుడు అంతా ఎత్తే, మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలుంటే వాళ్లను ముందు కింద దింపి, మీరు కారు పైకి తీసుకెళ్లండి.