కుండీల మీద ముసిరే చిన్న నల్ల ఈగలు: లక్షణం, కారణం, నివారణ

ఈశాన్య రుతుపవనాల వానలు తిరుపతిని తడిపే అక్టోబరు చివరి నుంచి డిసెంబరు దాకా, బాల్కనీ కుండీలను ఇంట్లోకి చేర్చుకున్నవారికీ, మిద్దె తోట కోసం కిటికీ పక్కన ప్రోట్రేలలో (చిన్న అరలున్న నారు ట్రేలలో) టమాటా, మిరప నారు పోసుకున్నవారికీ ఒకే ఇబ్బంది ఎదురవుతుంది. నీళ్లు పోయగానే మట్టి మీద నుంచి చిన్న నల్ల ఈగలు లేచి ముఖం చుట్టూ, ట్యూబులైటు చుట్టూ తిరుగుతాయి. వీటిని ఫంగస్ గ్నాట్ అంటారు. కుండీల్లో సాధారణంగా కనిపించేవి సియారిడే కుటుంబానికి చెందిన బ్రాడీసియా ప్రజాతి ఈగలు. కంటికి కనిపించేది ఈగ కనుక అందరూ దాన్ని చంపడం మీదే శ్రద్ధ పెడతారు. ఎగిరే ఈగ మొక్క జోలికి పోదు. వేళ్లు కొరికేది మట్టి పైపొరలో, సుమారు రెండంగుళాల లోతు లోపల ఉండే దాని పిల్లపురుగు. ఆ పురుగు బతకడానికి కావలసిన తడిని సమకూర్చేది మన చెంబే కనుక, ఈ వివరంలో మందుల కంటే నీళ్ల ప్రస్తావనే ఎక్కువగా ఉంటుంది.

లక్షణం: ఈగలున్నాయి, అవి ఏ ఈగలో తెలియడం లేదు

ఒక ఈగకు చేసే వైద్యం మరో ఈగకు పనికిరాదు కాబట్టి ముందు గుర్తుపట్టడం అవసరం. ఫంగస్ గ్నాట్ రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్ల పొడవుండి, సన్నటి నల్లని ఒంటితో, పొడుగాటి కాళ్లతో, మీసాలతో దోమను పోలి ఉంటుంది. దాని ఎగరడంలో బలం ఉండదు. కుండీని తడితే కాస్త దూరం ఎగిరి మళ్లీ ఆ మట్టి మీదే వాలుతుంది, లేదా మట్టి మీదే పరుగు తీస్తుంది. అరటిపండ్ల దగ్గర, చెత్తబుట్ట దగ్గర తిరిగే గోధుమరంగు, ఎర్రకళ్ల ఈగ వేరు. గిన్నెలో వెనిగర్ పోసి పెట్టే చిట్కా దానికి పనిచేసినంతగా దీనికి పనిచేయదు. స్నానాలగది గోడ మీద వాలే, నూగు రెక్కలున్న ఈగ మురుగు గొట్టంలో పుడుతుంది. ఆకును కదిలించినప్పుడు అడుగు వైపు నుంచి తెల్లగా లేచేది తెల్లదోమ, దానికీ మట్టికీ సంబంధం లేదు. నల్లగానే ఉన్నా కాస్త బొద్దుగా, పొట్టి మీసాలతో, రెక్కల మీద లేత చుక్కలతో ఉంటే అది నాచు తిని బతికే షోర్ ఫ్లై. దానికీ తడి తగ్గించడమే మందు.

డెంగీ కాలంలో ఇంట్లో ఏ చిన్న ఈగ ఎగిరినా భయం కలగడం సహజమే కానీ, ఫంగస్ గ్నాట్ కుట్టదు. అయితే కుండీ కింది పళ్లెంలో నిలిచిన నీళ్లలో డెంగీని వ్యాపింపజేసే ఏడిస్ దోమ గుడ్లు పెడుతుంది. ఈగల కోసం కాకపోయినా దోమల కోసమైనా ఆ పళ్లేలను పారబోసి, రుద్ది కడగాలి.

అనుమానం పూర్తిగా తీరాలంటే బంగాళాదుంపను అర అంగుళం మందాన కోసి, కోసిన ముఖం మట్టికి ఆనేలా కుండీలో కాస్త నొక్కి పెట్టి, రెండు మూడు రోజుల తరువాత తిప్పి చూడాలి. మట్టిలో పురుగు ఉంటే ముక్క అడుగున సన్నని, కాళ్లు లేని, తెల్లటి పురుగులు కనిపిస్తాయి; ఒళ్లు పారదర్శకంగా ఉండి లోపల తిన్న మట్టి నల్లని గీతలా కనిపిస్తుంది, తల మాత్రం నల్లగా మెరుస్తుంది. ఆ నల్లని తలే ఖాయమైన గుర్తు. కుండీల్లో తిరిగే తెల్లటి, గెంతే సూక్ష్మ జీవులకూ, సన్నని తెల్ల ఎర్రలకూ అలాంటి తల ఉండదు.

లక్షణం: మొక్క బాగానే ఉంది, ఈగలు మాత్రం తగ్గడం లేదు

దీనికి కారణం పైమట్టి ఎప్పుడూ ఆరకపోవడం, అందులో కుళ్లే పదార్థం ఉండటం. పిల్లపురుగు ప్రధాన ఆహారం మట్టిలో పెరిగే బూజు, కుళ్లుతున్న ఆకులు, నాచు. మన ఇళ్లలో ఈ రెండింటికీ కొరత ఉండదు. బియ్యం కడిగిన నీళ్లు, వడకట్టిన టీపొడి, ఉల్లిపొట్టు నానబెట్టిన నీళ్లు మొక్కకు బలమని రోజూ కుండీలో పోస్తారు. మాగని పేడ, సగం కుళ్లిన వంటింటి కంపోస్టు పైపైన చల్లుతారు. మే నెలలో, ఎండ 40 డిగ్రీలు దాటే తిరుపతిలో, ఉదయం పోసిన చెంబెడు నీళ్లు సాయంత్రానికి ఆరిపోతాయి కాబట్టి ఏ ఇబ్బందీ కనిపించదు. నవంబరులో, కిటికీలు మూసిన గదిలో, అదే చెంబెడు నీళ్లు రోజుల తరబడి నిలుస్తాయి. కాలం మారినా చెంబు కొలత మారకపోవడమే చాలా ఇళ్లలో ఈగలకు మూలం.

పైమట్టి రెండంగుళాల లోతు వరకు ఆరిన తరువాతే మళ్లీ నీళ్లు పోయాలి. గడియారాన్ని, వారాన్ని కాక వేలిని నమ్మాలి: చూపుడువేలు రెండో కణుపు దాకా మట్టిలోకి దించి, తడి తగిలితే ఆ రోజుకు మానుకోవాలి. కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) ఎక్కువగా ఉన్న మిశ్రమంలో పైన లేత రంగుకు తిరిగి ఎండినట్టు కనిపించినా లోపల తడి మిగిలే ఉంటుంది, కనుక అక్కడ కుండీని ఎత్తి బరువు చూడటం మేలు. స్నేక్ ప్లాంట్, జీజీ ప్లాంట్ వంటివి కుండీ అడుగుదాకా ఆరినా తట్టుకుంటాయి. మనీప్లాంట్, కరివేపాకు పైమట్టి ఆరడాన్ని సులువుగా భరిస్తాయి. పుదీనా, ఫెర్నుల వంటివి అలా తట్టుకోలేవు. వాటి కుండీని నీళ్లున్న తొట్టిలో అరగంట నిలబెట్టి, అడుగు బెజ్జం గుండా నీరు పీల్చుకోనిచ్చి తీసేస్తే, వేళ్లకు తడి అందుతుంది, పైపొర ఆరుతుంది.

తులసి విషయం వేరు. కార్తీకంలో రోజూ నీళ్లు పోయకుండా ఉండమని ఏ ఇంట్లోనూ చెప్పలేము, చెప్పనక్కరా లేదు. పూజకు ఉద్ధరిణెడు నీళ్లు చాలు, అవి కూడా మొదలు దగ్గర కాకుండా కుండీ అంచున వదిలితే మంచిది. దాహానికి పోసే నీళ్లు మట్టి ఆరినప్పుడు విడిగా పోయాలి. కుండీలో పేరుకున్న పూలు, అక్షింతలు, దీపం నూనె మరకలు ఏ రోజుకు ఆ రోజు తీసేయాలి, ఎందుకంటే తడిసిన అక్షింతల మీద రెండు రోజుల్లోనే బూజు పడుతుంది.

పైమట్టి మీద అంగుళం మందాన ముతక ఇసుక పరిస్తే ఈగ గుడ్లు పెట్టడానికి తడి చోటు దొరకదు. కానీ ఇసుక మీదే రోజూ నీళ్లు కుమ్మరిస్తే ఆ ఇసుక వేసీ ప్రయోజనం లేదు. అడుగు నుంచి నీరు పెట్టే కుండీలకే ఇది సరిగ్గా పనికొస్తుంది.

లక్షణం: నారు తలవాలుస్తోంది, మట్టి మాత్రం తడిగానే ఉంది

ఈ లక్షణం కనిపిస్తే ఆలస్యం చేయకూడదు. ఎదిగిన మొక్కకు కొన్ని పీచు వేళ్లు పోయినా కోలుకుంటుంది; రెండాకుల టమాటా నారుకు ఉన్న వేళ్లే కొన్ని. ఉదయం నిటారుగా ఉన్న నారు మధ్యాహ్నానికి వాలిపోవడం, నీళ్లు పోసినా లేవకపోవడం, కింది ఆకులు పసుపు రంగుకు తిరగడం తొలి గుర్తులు. వాలిన మొక్క ఒకదాన్ని అరలోని మిశ్రమంతోపాటు పైకి లాగి, మగ్గులోని నీళ్లలో వేళ్లను మెల్లగా కడిగి చూడాలి. ఆరోగ్యమైన వేరు తెల్లగా, సన్నని నూగుతో ఉంటుంది. పురుగు కొరికిన వేరు నూగు లేకుండా నున్నగా, కొనలు తెగి గోధుమరంగుకు తిరిగి ఉంటుంది. మిశ్రమం మీద జిగురు ఆరినట్టు మెరిసే సన్నని గీతలు కనిపిస్తే అవి పురుగులు పాకిన జాడలు.

ఇక్కడ రెండు జబ్బులను కలిపి పొరబడే ప్రమాదం ఉంది. కాండం మట్టిని తాకే చోట నీరుపట్టినట్టు మెత్తబడి, సన్నబడి, నారు అక్కడికక్కడే విరిగి పడిపోతే అది నారుకుళ్లు తెగులు. పిథియం వంటి, శిలీంధ్రాలను పోలిన సూక్ష్మజీవుల వల్ల వస్తుంది. పురుగు కొరికిన గాయం గుండా ఆ తెగులు సులువుగా లోపలికి చేరుతుంది, ఈగ కూడా దాన్ని ఒక అర నుంచి మరో అరకు మోస్తుంది. రెంటికీ కారణం ఒకే తడి కావడం వల్ల ఇవి తరచూ కలిసే వస్తాయి. కుళ్లు ఉందని తేలితే ఆ అరల్లోని మొక్కలను మిశ్రమంతో సహా తీసి పారేసి, మిగిలిన వాటికి లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదళ్లు తడిచేలా పోయాలి. పురుగు మాత్రమే ఉంటే ఈ మందు వల్ల ఉపయోగం లేదు.

పురుగుకు చేయవలసింది ఇది. ట్రేను గాలి ఆడే, వెలుగు పడే చోటికి మార్చాలి. విత్తనం మొలిచే వరకు కప్పిన పాలిథిన్ షీటును మొలక కనిపించిన రోజే తీసేయాలి. ఇంకో రెండు రోజులు ఉంచుదామనుకోవడం వల్లే సగం నారు పాడవుతుంది. పైన జల్లుతో తడపడం మాని, ట్రే కింద పళ్లెంలో నీళ్లు పోసి, పైభాగం రంగు మారగానే మిగిలిన నీళ్లు పారబోయాలి. 40 మెష్ (అంగుళానికి 40 కళ్లున్న) నైలాన్ వలతో ట్రేను కప్పితే బయటి ఈగ లోపలికి రాదు, కానీ అప్పటికే మిశ్రమంలో పురుగు ఉంటే ఈగలు వల లోపలే పుట్టి పెరుగుతాయి, కాబట్టి వలను మొదటి రోజు నుంచే వాడాలి.

లక్షణం: వారం రోజులు కనిపించలేదు, మళ్లీ వచ్చాయి

ఆడ ఈగ తడి మట్టిలో వంద నుంచి రెండు వందల గుడ్లు పెడుతుంది. మూడు నాలుగు రోజుల్లో గుడ్లు పగులుతాయి. పురుగు పది, పదిహేను రోజులు తింటుంది. తరువాత నాలుగైదు రోజులు ప్యూపాగా (తిండి మాని ఈగగా మారే దశలో) ఉండి ఈగగా లేస్తుంది. దోమల చుట్టలు, సాంబ్రాణి పొగ, స్ప్రే డబ్బాలు ఆ రోజు ఎగురుతున్న ఈగలనే చంపుతాయి. మట్టిలో ఉన్నవి తమ వంతు కోసం ఎదురుచూస్తూనే ఉంటాయి. అందువల్ల ఏ వైద్యమైనా కనీసం నాలుగు వారాలు ఆపకుండా, ఇంట్లో ఉన్న అన్ని కుండీలకూ ఒకేసారి చేయాలి. హాల్లోని కుండీలకు చేసి, వంటింటి కిటికీలోని కొత్తిమీర డబ్బాను వదిలేస్తే ఈగలు అక్కడి నుంచి తిరిగి వస్తాయి. బెజ్జం లేని అలంకార కుండీలో ఇంకో కుండీ దించి ఉంటే, ఆ రెంటి మధ్య నిలిచిన నీళ్లు, రాలిన ఆకులు కూడా చూడాలి.

పసుపు రంగు జిగురు అట్టలను మట్టికి రెండంగుళాల ఎత్తులో గుచ్చాలి. ఈ ఈగ ఎక్కువగా మట్టి దగ్గరే తిరుగుతుంది కనుక, అంతకంటే పైన కడితే తక్కువ ఈగలే చిక్కుతాయి. అట్ట పురుగును అరికట్టదు, గుడ్లు పెట్టే ఈగల సంఖ్యను తగ్గిస్తుంది. అంతకంటే ముఖ్యంగా, వైద్యం పనిచేస్తోందో లేదో చెబుతుంది: అట్టను మార్చినప్పుడల్లా వెనుక తేదీ రాసి, వారం వారం అంటుకున్న ఈగలను పోల్చి చూడాలి.

మట్టిలోని పురుగుకు నమ్మదగిన మందు బ్యాసిల్లస్ తురింజియెన్సిస్ ఇజ్రాయెలెన్సిస్, అంటే బి.టి.ఐ. దోమ లార్వాలకు వాడేది కూడా ఇదే. డబ్బా మీద ఇజ్రాయెలెన్సిస్ అనే మాట తప్పనిసరిగా చూసి కొనాలి. కాయతొలుచు పురుగుకు అమ్మే కుర్‌స్టాకి రకం బి.టి. ఈ పురుగు మీద పనిచేయదు. లేబులు మీద చెప్పిన మోతాదులో నీళ్లలో కలిపి, మామూలుగా నీళ్లు పోసినట్టే పోసి, అయిదు నుంచి ఏడు రోజులకోసారి మళ్లీ ఇవ్వాలి, ఎందుకంటే దాని ప్రభావం ఎక్కువ రోజులు నిలవదు, గుడ్డు మీదా ప్యూపా మీదా అసలే ఉండదు. అది దొరకకపోతే 1500 పి.పి.ఎం. వేప మందును లీటరుకు 5 మిల్లీలీటర్ల చొప్పున కలిపి సాయంత్రం పూట పైమట్టికి పోయవచ్చు. లేత నారు మీద మాత్రం ముందు రెండు మూడు అరల్లో పోసి చూడాలి.

హైడ్రోజన్ పెరాక్సైడ్ తగిలిన పురుగును అప్పటికప్పుడు చంపుతుంది, కానీ మట్టిలోని మేలు చేసే సూక్ష్మజీవులనూ వదలదు. ట్రైకోడెర్మా (తెగుళ్లను అడ్డుకునే మేలైన శిలీంధ్రం) కలిపిన మట్టిలో దీన్ని వాడకూడదు. సాధారణంగా చెప్పే పాళ్లు 3 శాతం ద్రావణం ఒక వంతుకు నీళ్లు నాలుగు వంతులు. మన మందుల షాపుల్లో 6 శాతం సీసా కూడా దొరుకుతుంది, దానికి తొమ్మిది వంతుల నీళ్లు కావాలి. నా దృష్టిలో ఇది చివరి ప్రయత్నంగా ఒకసారి వాడవలసినదే తప్ప వారం వారం పోయవలసినది కాదు.

లక్షణం: కొత్త మట్టి సంచి విప్పగానే ఈగలు లేచాయి

ఈగలు ఆ సంచితోనే వచ్చాయి. తడిగా, బయట వానకు నానుతూ ఉన్న కంపోస్టు సంచులను కొనకపోవడమే మంచిది. కొన్నాక చేయగలిగింది, ఏప్రిల్, మే నెలల ఎండలో మిశ్రమాన్ని కాస్త తడిపి, పారదర్శకమైన పాలిథిన్ సంచుల్లో పలుచగా నింపి, మూతి కట్టి మిద్దె మీద రెండు వారాలు ఆరుబయట పెట్టడం. మిశ్రమం లోపల 60 డిగ్రీల వేడి గంటసేపు నిలిస్తే పురుగూ, నారుకుళ్లు శిలీంధ్రమూ చస్తాయి. రాయలసీమ ఎండలో అది కష్టం కాదు. వానాకాలంలో అంత ఎండ ఉండదు కనుక, ట్రేలకు సరిపడే కొద్ది మిశ్రమం మీద మరిగే నీళ్లు పోసి, పూర్తిగా చల్లారి, నీరు ఓడిన తరువాత విత్తనం వేయాలి. నారు పూర్తిగా పోయిన ట్రేలోని మిశ్రమాన్ని వేరే కుండీలో కలపకుండా పైన చెప్పిన విధంగా ఎండకు పెట్టి, ట్రేను సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టిన తరువాతే మళ్లీ వాడాలి.