అల్లాయ్‌లు మార్చారా? కొండెక్కే ముందు వెనక చక్రాలు చూసుకోండి

బ్రహ్మోత్సవాలు దగ్గరపడే కొద్దీ తిరుపతిలో కార్లకు కూడా ముస్తాబు మొదలవుతుంది. సీటు కవర్లు, టైర్లు, వాటితో పాటే పెద్ద సైజు అల్లాయ్‌లు, అంటే ఇనుప రిమ్ముల బదులు వేసే మిశ్రమ లోహపు రిమ్ములు. బిగించాక ఖాళీ కారును రేణిగుంట రోడ్డులో ఒక రౌండు తిప్పి చూస్తే ఏ చప్పుడూ ఉండదు. ఆదివారం ఇంటిల్లిపాదీ ఎక్కి, డిక్కీ నిండా సామాను సర్దుకుని అలిపిరి దాటాక, మలుపు తిరిగినప్పుడల్లా వెనక టైరు మడ్‌గార్డ్‌కు రాసుకుని బర్రుమంటుంది. అక్కడ కారు ఆపి వంగి చూసే వీలుండదు. కాబట్టి ఆ పని ఇంటి దగ్గరే, అంత బరువూ వేసి, ముందుగానే చేసుకోవాలి.

వెనక చక్రాలకు స్టీరింగ్‌తో పని లేదు. బండి నిలబెట్టి స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు రాసుకుంటోందంటే అది ముందు చక్రాల గొడవ. వెనకవి సాధారణంగా బరువు వల్లే రాసుకుంటాయి. ముగ్గురు వెనక కూర్చుంటే స్ప్రింగులు కుంగి, మడ్‌గార్డ్ అంచు టైరు మీదికి దిగుతుంది. డిక్కీలో సీఎన్‌జీ సిలిండర్ ఉన్న కారైతే మనుషులు ఎక్కకముందే సగం కుంగి ఉంటుంది. దానికి తోడు ఘాట్‌లో బండి ఎడమకు తిరిగితే బరువంతా కుడి వెనక చక్రం మీద పడుతుంది, కుడికి తిరిగితే ఎడమ దాని మీద. తిరుమల ఒక్కటే కాదు, మదనపల్లె వైపు భాకరాపేట ఘాట్‌లోనైనా, బెంగళూరు రోడ్డులో మొగిలి ఘాట్‌లోనైనా ఇదే వరస.

అల్లాయ్ కొనేటప్పుడు అందరూ చూసేది డిజైను, ఇంచులు. నన్నడిగితే అసలు చూడాల్సినవి రిమ్ము వెనక వైపు పోతపోసి ఉండే రెండు అంకెలు. ‘జె’ పక్కన ఉండేది రిమ్ము వెడల్పు, ఇంచుల్లో. ‘ఈటీ’ పక్కన ఉండేది ఆఫ్‌సెట్, మిల్లీమీటర్లలో. రిమ్ము సరిగ్గా మధ్య గీతకూ, అది హబ్‌కు (చక్రాన్ని బిగించే ఇరుసు భాగానికి) ఆనుకునే చోటుకూ మధ్య ఎంత దూరముందో ఆఫ్‌సెట్ చెబుతుంది. ఈ అంకె తగ్గితే చక్రం బయటికి వస్తుంది, పెరిగితే లోపలికి పోతుంది.

ఒక లెక్క వేసి చూద్దాం. పాత రిమ్ము 5.5 జె, ఈటీ 45. కొత్తది 7 జె, ఈటీ 35. వెడల్పు ఒకటిన్నర ఇంచు, అంటే 38 మిల్లీమీటర్లు పెరిగింది. అందులో సగం, 19 బయటికి, 19 లోపలికి. ఆఫ్‌సెట్ పది తగ్గింది కాబట్టి మొత్తం చక్రం ఇంకో పది బయటికి జరిగింది. అంటే రిమ్ము బయటి అంచు 29 మిల్లీమీటర్లు బయటికి వచ్చేసింది, లోపలి అంచు కూడా 9 మిల్లీమీటర్లు లోపలికి పోయింది. దాదాపు మూడు సెంటీమీటర్లు బయటికొచ్చిన చక్రం, కుంగిన మడ్‌గార్డ్‌కు తగలకపోతేనే ఆశ్చర్యపడాలి. ‘అన్నా, బోల్టులు సరిపోతాయి, ఏమీ కాదు’ అని షాపువాళ్లు అంటే, బోల్టుల సంగతి సరే, ఈటీ ఎంతో చూపించమనండి.

టైరు ఎత్తు సంగతి ఇంకొకటి. టైరు మీది అంకెల్లో మొదటిది వెడల్పు, మిల్లీమీటర్లలో; రెండోది ఆ వెడల్పులో పక్క గోడ ఎత్తు ఎంత శాతమో; ‘ఆర్’ తర్వాతది రిమ్ము ఇంచులు. 185/65 ఆర్15 టైరు, 195/55 ఆర్16 టైరు రెండూ ఇంచుమించు 621 మిల్లీమీటర్ల ఎత్తే ఉంటాయి, దిగులు లేదు. అదే 16 ఇంచుల రిమ్ముకు 205/60 వేశారంటే 652 అవుతుంది. పైన సందు 15 మిల్లీమీటర్లు పోయినట్టే.

ఇక ఎక్కడ తగులుతోందో పట్టుకోవడం. దీనికి పెద్ద పరికరాలేమీ వద్దు, సుద్దముక్క చాలు. వెనక రెండు టైర్లకూ బయటి భుజం (నేలకు ఆనే భాగం పక్క గోడను కలిసే అంచు) చుట్టూ, పక్క గోడ మీద, వీలైతే లోపలి పక్క గోడ మీద కూడా మందంగా సుద్ద పూయండి. వెనక సీట్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టండి. మనుషులు లేకపోతే 25 కిలోల బియ్యం మూటలు వేయండి. మీ వీధిలో కాస్త ఎత్తుగా ఉన్న స్పీడ్ బ్రేకర్ మీదుగా నిదానంగా, కొంచెం ఏటవాలుగా పోనివ్వండి. అలా పోతే ఒక్కో చక్రం విడివిడిగా పైకి లేస్తుంది. దిగి చూస్తే సుద్ద ఎక్కడ చెరిగిందో అక్కడే తగులుతున్నట్టు. లోపలి సుద్ద చూడ్డానికి సెల్‌ఫోన్ టార్చి వేసి బండి కింద నుంచి ఫోటో తీసుకుంటే తేలిక.

బయటి భుజం మీద చెరిగితే మడ్‌గార్డ్ లోపలికి మడిచిన రేకు అంచును చేత్తో తడిమి చూడండి. వెనక బంపర్ వచ్చి మడ్‌గార్డ్‌ను కలిసే చోట చాలా కార్లకు ఒక స్క్రూ ఉంటుంది. మిగతా అంతా దుమ్ము పట్టి ఉండి ఆ స్క్రూ తల మాత్రం తళతళలాడుతుంటే దొంగ దొరికినట్టే. టైరు మీద కూడా ఆ ఎత్తులోనే గీత పడి ఉంటుంది.

లోపలి వైపు చెరిగితే మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. అక్కడుండేవి షాక్ అబ్జార్బర్, స్ప్రింగు, బ్రేకు గొట్టం, హ్యాండ్‌బ్రేక్ కేబుల్. టైరు పక్క గోడ పలచగా ఉంటుంది, అది అరుగుతున్నా పెద్దగా చప్పుడు రాదు. నూలు పోగులు బయటపడేంత కోసుకుపోయిన టైరుకు అతుకు వేయించడం లాంటివి వద్దు, మార్చాల్సిందే. ఒక మాట, జాకీ మీద లేపి ‘చూడండి, ఎంత సందుందో’ అంటే నమ్మకండి. జాకీ పెట్టగానే చక్రం కిందికి వేలాడుతుంది, సందు ఎక్కువ కనిపిస్తుంది. చక్రం నేల మీద ఉన్నప్పుడే చూడాలి.

గుంతల్లోనో మలుపుల్లోనో కాకుండా చక్రం తిరిగినంతసేపూ ఒకే లయలో చప్పుడు వస్తుంటే, అది టైరు కాకపోవచ్చు. రిమ్ము లోపల అంటించిన బ్యాలెన్సింగ్ సీసపు బిళ్లలు బ్రేకు భాగానికి తగులుతుంటాయి. ముందు అవి చూసుకోండి.

ఒక్క పక్కే తగులుతుంటే అల్లాయ్‌ను తిట్టుకునే ముందు టేపు పట్టండి. చదును నేల మీద, హబ్ మధ్య నుంచి మడ్‌గార్డ్ అంచు దాకా రెండు వైపులా కొలవండి. తేడా బాగా ఉంటే స్ప్రింగు విరిగిందో, బుష్ (కీళ్ల దగ్గరుండే రబ్బరు ముక్క) పోయిందో, ఎప్పుడో గుద్దిన దెబ్బకు రేకు లోపలికి వచ్చిందో.

పరిష్కారాల్లోకి వస్తే, బయట తగిలేదానికి సరైన మందు ఎక్కువ ఈటీ ఉన్న రిమ్ము, లేదా సన్నని టైరు. టైరు మార్చేటప్పుడు లోడ్ ఇండెక్స్, అంటే టైరు ఎంత బరువు మోస్తుందో చెప్పే అంకె కూడా చూడండి. 88 అంటే ఒక టైరు 560 కిలోలు మోస్తుంది, 87 అంటే 545. కొద్దిగా అంచు మాత్రమే తగులుతుంటే రేకును వేడి చేసి నెమ్మదిగా మడిపించవచ్చు. సుత్తితో బాదితే రంగు పగిలి వానాకాలానికల్లా తుప్పు పడుతుంది. స్పేసర్ (హబ్‌కూ రిమ్ముకూ మధ్య పెట్టే బిళ్ల) వేస్తే చక్రం ఇంకా బయటికే వస్తుంది, కనుక బయటి రాపిడికి అది పనికిరాదు. లోపలి రాపిడికి సన్నది వేయవచ్చు. కానీ నట్టు ఎక్కే మర, అంటే స్టడ్, 12 మిల్లీమీటర్ల మందానిదైతే నట్టు కనీసం అంత లోతైనా పట్టాలి. స్ప్రింగు చుట్ల మధ్య రబ్బరు బఫర్లు పెట్టించుకోమని చాలామంది చెబుతారు. బండి ఎత్తు లేస్తుంది, చప్పుడు ఆగుతుంది, కానీ గుంతల్లో బండి ఎగురుతుంది. నాకైతే నచ్చదు. వీల్ అలైన్‌మెంట్‌తో పోతుందన్న మాటా నమ్మకండి. స్విఫ్ట్, ఐ20 లాంటి చిన్న కార్లలో వెనక చక్రాల కోణం మార్చే ఏర్పాటే ఉండదు.

ఇంత చూసుకున్నా ఘాట్‌లో చప్పుడు మొదలైతే వేగం తగ్గించండి, మలుపులో ఆపకండి. రోడ్డు వెడల్పుగా ఉన్నచోట ఆపి, బరువు సామాన్లు డిక్కీలోంచి తీసి ముందు సీటు దగ్గర పెట్టండి. కిందికి దిగేది 1944 నాటి పాత రోడ్డు, పైకి పోయే 1974 రోడ్డు కన్నా మలుపులు ఇరుకు. వచ్చేటప్పుడు ఇద్దరిని ఆర్టీసీ బస్సులో దింపినా నామోషీ ఏమీ లేదు.

అల్లాయ్‌లు బిగించాక 50–100 కిలోమీటర్లు తిరిగి నట్లు మళ్లీ బిగించుకోండి, కంపెనీ పుస్తకంలో రాసిన టార్క్‌కే (బిగింపు బలానికే). కొత్త అల్లాయ్‌లకు వేరే నట్లు ఇచ్చి ఉంటే, పాత నట్లు పారేయకుండా డిక్కీలో ఉంచండి. స్టెప్నీ పాత ఇనుప రిమ్మే కదా, దానికి అవే కావాలి.